ఊపిరితిత్తుల్లో హైబీపీకి పీల్చే మందు.. ఏళ్ల తరబడి వాడితే సేఫేనా?

చేతికి పట్టీ కట్టి చూస్తే 120/80. బీపీ నార్మలే అని చెప్పి పంపేశారు. కానీ ఒక అంతస్తు మెట్లు ఎక్కేసరికి ఆయాసం, కాళ్ల వాపు, ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోవడం. ఇలాంటి వాళ్లలో కొందరికి అసలు సమస్య చేతి పట్టీకి దొరకదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో ప్రెషర్ పెరిగిపోయి ఉంటుంది. దీన్నే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు.

ఈ జబ్బుకు మాత్రలు ఉన్నాయి, ఇంజెక్షన్లు ఉన్నాయి. వీటితో పాటు ముక్కూ నోటి దగ్గర మెషీన్ పెట్టుకుని పీల్చే మందులూ ఉన్నాయి. రోజుకు నాలుగుసార్లు, కొన్నిటికైతే తొమ్మిది సార్ల దాకా. అదీ వారం, నెల కాదు.. ఏళ్ల తరబడి. మరి ఇంతకాలం మందును నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపుతుంటే అవి పాడవవా? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా జరిగిన ట్రయల్స్ ఏం చెబుతున్నాయో చూద్దాం.

ముందు ఈ బీపీ ఏంటో తెలియాలి

గుండె ఎడమ భాగం ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. మనం చేతి దగ్గర కొలిచేది ఆ ప్రెషర్‌నే. కుడి భాగం పని వేరు, అది ఊపిరితిత్తులకు మాత్రమే పంపుతుంది. అక్కడ ప్రెషర్ చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఊపిరితిత్తుల ధమనిలో సగటు ప్రెషర్ 14 దగ్గర ఉంటుంది. 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ కింద లెక్క. 2018 దాకా ఈ గీత 25 దగ్గర ఉండేది, తర్వాత కిందికి దించారు. టూడీ ఎకోలో అనుమానం వస్తుంది కానీ, ఖాయం చేయాలంటే గుండె కుడి భాగంలోకి సన్నని ట్యూబు పంపి కొలవాల్సిందే.

డాక్టర్లు ఈ జబ్బును ఐదు గ్రూపులుగా విడగొట్టారు. నాళాలే గట్టిపడి సన్నబడిపోయే రకం మొదటిది, దీన్ని పీఏహెచ్ అంటారు. ఇది అరుదు. గుండె ఎడమ భాగం దెబ్బతిని వెనక్కి ప్రెషర్ తన్నడం రెండోది, అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఊపిరితిత్తుల జబ్బుల వల్ల వచ్చేది మూడోది. రక్తపు గడ్డలు అడ్డుపడి వచ్చేది నాలుగోది. మిగతావన్నీ ఐదులో వేశారు. ఈ గ్రూపుల లెక్క పుస్తకాల్లో గొడవలా అనిపిస్తుంది కానీ, కింద చెప్పబోయే సేఫ్టీ సంగతంతా దీని మీదే తిరుగుతుంది.

పీల్చే మందు దాకా ఎందుకొచ్చారు?

1976లో బ్రిటన్‌లో జాన్ వేన్ బృందం ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. మన రక్తనాళాల గోడలే దీన్ని తయారు చేసుకుంటాయి. ఇది నాళాలను వదులు చేస్తుంది, ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా ఆపుతుంది. 1982లో వేన్‌కు నోబెల్ వచ్చింది. ఈ పదార్థాన్నే మందుగా మార్చి, ఎపోప్రోస్టెనాల్ పేరుతో 1995లో అమెరికాలో పీఏహెచ్ రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు.

మందు బాగానే పనిచేసింది. చిక్కల్లా ఏంటంటే, ఒంట్లో కొన్ని నిమిషాలే నిలుస్తుంది. అందుకని ఛాతీలోని పెద్ద సిరలోకి ట్యూబు వేసి, నడుముకు పంపు కట్టుకుని, 24 గంటలూ ఎక్కిస్తూనే ఉండాలి. ఆ ట్యూబు ద్వారా ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. పంపు ఆగిపోతే ప్రాణానికే ముప్పు. తర్వాత 2002లో ట్రెప్రోస్టినిల్ వచ్చింది. దీన్ని చర్మం కింద చిన్న సూదితో ఎక్కించొచ్చు. కానీ సూది గుచ్చిన చోట భరించలేని నొప్పి.. ఒకరిద్దరికి కాదు, వాడిన వాళ్లలో ఎక్కువ మందికి.

ఈ ట్రెప్రోస్టినిల్ వెనకో కథ ఉంది. దీన్ని తెచ్చిన యునైటెడ్ థెరప్యూటిక్స్ కంపెనీని పెట్టింది మార్టిన్ రోత్‌బ్లాట్. ఆమె మందుల రంగం మనిషి కాదు. సిరియస్ శాటిలైట్ రేడియో స్థాపించిన లాయర్. కూతురికి ఈ జబ్బు ఉందని తేలాక రేడియో వదిలేసి 1996లో ఈ కంపెనీ మొదలుపెట్టారు.

సరే, మందు పనిచేయాల్సింది ఊపిరితిత్తుల్లో అయినప్పుడు ఒళ్లంతా తిప్పడం ఎందుకు, అక్కడికే పంపితే పోలా అన్న ఆలోచనతో పీల్చే రకాలు వచ్చాయి. ఐలోప్రోస్ట్ 2003లో యూరప్‌లో, 2004 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి పొందింది. దీని బ్రాండ్ పేరు వెంటావిస్. 2009 జూలైలో పీల్చే ట్రెప్రోస్టినిల్‌కు అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది, దాని పేరు టైవాసో. ట్యూబు లేదు, సూది లేదు. పైగా గాలి బాగా ఆడే భాగాలకే మందు చేరుతుంది కాబట్టి ఒంటి బీపీ పడిపోవడం తక్కువ.

ఒక మాట ఇక్కడే. ఆస్తమాకు వాడే ఇన్‌హేలర్, జలుబు దగ్గుకు క్లినిక్‌లో పెట్టే నెబ్యులైజర్.. వాటిలో ఉండే మందులు వేరు. అవి గాలి గొట్టాలను తెరుస్తాయి. ఇవి రక్తనాళాలను తెరుస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

రెండేళ్లు, ఆపైన వాడినవాళ్లకు ఏమైంది?

టైవాసోకు అనుమతి తెచ్చిపెట్టిన ట్రయల్ పేరు ట్రయంఫ్. 235 మంది పీఏహెచ్ రోగులు పాల్గొన్నారు. అప్పటికే బోసెంటాన్ గానీ, సిల్డెనాఫిల్ గానీ వాడుతున్న వాళ్లకు ఈ మందు అదనంగా ఇచ్చారు. 12 వారాల తర్వాత ఆరు నిమిషాల్లో నడిచే దూరం, ఉత్తుత్తి మందు పీల్చిన వాళ్లతో పోలిస్తే 20 మీటర్లు పెరిగింది. ఈ జబ్బులో 20 మీటర్లంటే మంచం నుంచి హాల్లోకి, అక్కడి నుంచి వాకిట్లోకి వెళ్లి రాగలగడం.

12 వారాలు అయితే తేలిక. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. వీళ్లలో 206 మంది మందు కొనసాగించారు, సగటున రెండేళ్లు. 53 శాతం మందికి దగ్గు, 34 శాతం మందికి తలనొప్పి, 21 శాతం మందికి వికారం. అంటే రోజూ పీల్చేవాళ్లలో సగానికి పైగా దగ్గారు. మందు వాడుతూ ఉన్నవాళ్లలో ఏడాదికి 97 శాతం, ఏడాదిన్నరకు 94 శాతం, రెండేళ్లకు 91 శాతం మంది బతికి ఉన్నారు. జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు మాత్రం ఏడాదికి 82 శాతం, రెండేళ్లకు 69 శాతం.

దగ్గు సరే, ఊపిరితిత్తులకు లోపల దెబ్బ తగులుతోందా అన్నదే ఎఫ్‌డీఏ దగ్గరా ఉన్న సందేహం. అందుకే మందు మార్కెట్లోకి వచ్చాక, మామూలుగా ఇళ్లల్లో వాడుతున్న రోగులను వెంటపడి గమనించారు. ఒకవైపు పీల్చే ట్రెప్రోస్టినిల్ వాడేవాళ్లు, ఇంకోవైపు ఇదే జబ్బుకు వేరే మందులు వాడేవాళ్లు. వంద మంది ఏడాది వాడితే ఎన్నిసార్లు ఇబ్బంది వచ్చిందన్న లెక్కలో చూస్తే.. దగ్గు ఇటు 16.2, అటు 10.9. గొంతు మంట 4.5, 1.2. ముక్కులో ఇబ్బంది 2.6, 1.3. దగ్గులో రక్తం పడటం 2.5, 1.3.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవాలి. దగ్గు, గొంతు మంట చిరాకు పెట్టేవే కానీ ప్రాణం తీసేవి కావు. పైగా వేరే మందులు వాడేవాళ్లకూ దగ్గు తక్కువేం లేదు, జబ్బే అలాంటిది. కానీ దగ్గులో రక్తం రెండింతలు దగ్గర కావడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సంఖ్య చిన్నదే. అయినా ఈ మందుకు ప్లేట్‌లెట్లను అడ్డుకునే గుణం ఉందని పైన చెప్పుకున్నాం కదా, రక్తం పలచబరిచే మందులు కూడా వాడుతున్నవాళ్లకు రక్తస్రావం ముప్పు పెరుగుతుందని లేబుల్ మీదే హెచ్చరిక ఉంది. క్యాన్సర్ భయం సంగతికొస్తే, ఎలుకలకు రెండేళ్లపాటు ఈ మందు పీల్పించి చూశారు. ఆ సూచనలేవీ కనబడలేదు.

మొత్తం మీద మొదటి గ్రూపు రోగుల విషయంలో, పీల్చే మందు ఊపిరితిత్తులను మెల్లగా తినేస్తుందన్న భయానికి ఇప్పటి డేటాలో ఆధారం లేదు. ఇబ్బంది ఎక్కువగా గొంతు దగ్గరే.

91 శాతం అనే అంకెతో జాగ్రత్త

ఇక్కడే ఒక మెలిక ఉంది. రెండేళ్లకు 91 శాతం అన్నది మందు వాడుతూ ఉన్నవాళ్ల లెక్క. దగ్గు పడక మానేసినవాళ్లు, జబ్బు ముదిరి పంపు మందుకు మారినవాళ్లు ఆ గుంపులోంచి బయటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు సహజంగానే కాస్త గట్టివాళ్లు. పైగా ఈ దశలో పోల్చడానికి ఉత్తుత్తి మందు పీల్చే గుంపు లేదు. దీర్ఘకాలం చూసే ట్రయల్స్ దాదాపు అన్నిటికీ ఉండే లోపం ఇది. మోసం కాదు గానీ, అంకెను ఉన్నదున్నట్టు నమ్మేయకూడదు.

మానేసినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే చిత్రం ఎలా మారుతుందో ఐలోప్రోస్ట్ చూపించింది. 203 మందితో చేసిన 12 వారాల ట్రయల్‌లో ఇది బాగానే పనిచేసింది. కానీ జర్మనీ డాక్టర్లు 76 మందిని ఐదేళ్లపాటు గమనించి 2005లో ఫలితాలు ప్రచురించారు. వీళ్లకు మొదట ఈ ఒక్క మందే ఇచ్చారు. చావు, ఊపిరితిత్తుల మార్పిడి, పంపు మందుకు మారడం, ఇంకో మాత్ర జోడించడం.. ఇవేవీ అవసరపడకుండా నడిచినవాళ్లు మూడు నెలలకు 81 శాతం, ఏడాదికి 53 శాతం, రెండేళ్లకు 29 శాతం, ఐదేళ్లకు 13 శాతం.

మందు విషమని కాదు దీని అర్థం. ఒక్కదాని మీదే ఆధారపడితే చాలదని. ఐలోప్రోస్ట్ ఒక్కసారి పీలిస్తే దాని ప్రభావం గంటకు అటూ ఇటూ. మెలకువగా ఉన్నంతసేపూ రోజుకు 6 నుంచి 9 సార్లు పీల్చాలి. రాత్రి నిద్రలో ఎలాగూ గ్యాప్ తప్పదు. పొద్దున్నే లేవగానే గబగబా పనిలో పడితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఆఫీసులో, బస్సులో, పెళ్లిలో ఎక్కడున్నా రెండు మూడు గంటలకోసారి మెషీన్ తీయాలంటే ఎంతమంది తీస్తారు? కాగితం మీద సేఫ్ అయిన మందు, వేళకు పీల్చకపోతే ఇంట్లో సేఫ్ కాదు. అందుకే ఇప్పుడు దాదాపు ఎక్కడైనా పీల్చే మందును మాత్రలకు తోడుగానే ఇస్తున్నారు.

అదే మందు.. ఒకచోట మేలు, ఇంకోచోట కీడు

ఇక ఈ కథలో అందరూ తెలుసుకోవాల్సిన భాగం.

ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు ఐఎల్‌డీ. దానివల్ల వచ్చే పల్మనరీ హైపర్‌టెన్షన్ మూడో గ్రూపు కిందికి వస్తుంది. చాలాకాలం దీనికి మందే లేదు. 326 మందితో ఇంక్రీజ్ అనే ట్రయల్ చేశారు, 2021 జనవరిలో ఫలితాలు వచ్చాయి. 16 వారాలకు నడక దూరంలో తేడా 31 మీటర్లు. అంతకంటే ఆశ్చర్యం, అసలు ఊపిరితిత్తుల జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టడం మందు పీల్చినవాళ్లలో 26.4 శాతం, ఉత్తుత్తి మందు పీల్చినవాళ్లలో 38.7 శాతం. అంటే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు మందు అదనపు హాని చేయలేదు. అదే ఏడాది మార్చి 31న ఎఫ్‌డీఏ ఈ రోగులకూ అనుమతి ఇచ్చింది.

దాంతో ఆశ పెరిగింది. పొగతాగడం, కట్టెల పొయ్యి పొగ వల్ల వచ్చే సీఓపీడీ కూడా మూడో గ్రూపే. రోగుల సంఖ్య చాలా ఎక్కువ. వీళ్లకూ పనిచేస్తే ఎంత బాగుండు! పర్ఫెక్ట్ పేరుతో ట్రయల్ మొదలైంది. మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు పీల్చిన వాళ్లలో తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువయ్యాయి, మరణాల ముప్పు పెరుగుతున్నట్టు సంకేతాలు కనిపించాయి. సేఫ్టీని గమనించే స్వతంత్ర కమిటీ ఆపమని చెప్పింది.

ఒకే మందు, ఒకే మెషీన్, ఒకే గ్రూపు. ఇక్కడ మేలు, అక్కడ కీడు. సీఓపీడీలో ఊపిరితిత్తులు ఒక తెలివైన పని చేస్తుంటాయి. గాలి ఆడని భాగాలకు రక్తం తగ్గించి, ఆడే భాగాలకు మళ్లిస్తాయి. నాళాలు తెరిచే మందు ఈ ఏర్పాటును చెడగొడితే రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు. మాత్రలతో ఈ భయం ముందునుంచీ ఉంది. పీల్చే మందుతో ఆ సమస్య రాదనుకున్నారు, అందుకే ఈ ఫలితం డాక్టర్లకు షాక్. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్లకు ఈ మందుతో గాలి గొట్టాలు బిగుసుకుపోవచ్చన్న హెచ్చరిక లేబుల్‌లోనూ ఉంది.

రెండో గ్రూపు విషయంలోనూ పాత పాఠం ఒకటుంది. తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 471 మందితో ఎపోప్రోస్టెనాల్ మీద చేసిన ఫస్ట్ అనే ట్రయల్‌ను, మరణాలు పెరిగే ధోరణి కనిపించడంతో ముందే ఆపేశారు. ఫలితాలు 1997లో వచ్చాయి. అది పీల్చేది కాదు, సిరలోకి ఎక్కించేది. కుటుంబం మాత్రం ఒకటే.

మన దగ్గర ఇది ఎందుకు పట్టించుకోవాలి?

మనదేశంలో చిన్నప్పటి గొంతు ఇన్ఫెక్షన్ వల్ల గుండె కవాటాలు పాడయ్యే రుమాటిక్ జబ్బు ఇంకా ఉంది. కవాటం మూసుకుపోతే ప్రెషర్ వెనక్కి ఊపిరితిత్తుల మీదికే వస్తుంది. ఎకో రిపోర్టులో పల్మనరీ హైపర్‌టెన్షన్ అని రాస్తారు. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్‌లో మందు వెతికితే ఈ పీల్చే మందుల పేర్లే ముందొస్తాయి. కానీ అక్కడ చేయాల్సింది కవాటం సంగతి చూడటం. రక్తపు గడ్డల వల్ల వచ్చే నాలుగో గ్రూపులోనూ ముందు చూడాల్సింది ఆపరేషన్‌తో ఆ గడ్డలు తీయగలరా అని.

నిజమైన పీఏహెచ్ ఉన్నవాళ్లకు మన ఆస్పత్రుల్లో చికిత్స ఎక్కువగా మాత్రలతోనే నడుస్తోంది. సిల్డెనాఫిల్, టడాలఫిల్, బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్.. ఇవే రోజువారీ మందులు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు మాత్రం, లేదా పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే చికిత్స తీసుకుంటున్న పెద్దవాళ్లకు, టైవాసో రాసే అవకాశం ఎక్కువ. ఇండియాకు రెండు నెలలు వచ్చిపోదామనుకుంటే మందు, మెషీన్ లెక్క టికెట్ కంటే ముందు చూసుకోవాలి.

పొడి రూపంలోనూ వచ్చేసింది

మెషీన్ బాధ తగ్గించడానికి ట్రెప్రోస్టినిల్‌ను పొడిగా చేసి, అరచేతిలో పట్టే చిన్న పరికరంతో పీల్చే రకం 2022 మేలో అమెరికాలో వచ్చింది. ఇంకో కంపెనీ పొడి మందు యుట్రెపియాకు 2025 మేలో అనుమతి దొరికింది. నీళ్లు, కరెంటు, కడగడం లేవు. దగ్గు మాత్రం పోలేదు. పొడి మందుకు మారినప్పుడు ఎలా ఉంటుందో చూసిన ముఖ్యమైన ట్రయల్‌లో ఉన్నది 51 మందే.

అన్ని ప్రయోగాలూ గట్టెక్కలేదు. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్‌ను మాత్రగా ఇస్తే ఈ జబ్బులో ఇబ్బందులు ఎక్కువయ్యాయని, పీల్చే పొడిగా మార్చి చూశారు. ఆశించిన ఫలితం రాక 2024లో ఆ ప్రయత్నం ఆపేశారు.

ఇంట్లో వాడుతుంటే..

టైవాసో మెషీన్ రకం అయితే మొదట ఒక్కో విడతకు 3 సార్లు పీల్చడంతో మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి పెంచుకుంటూ 9 నుంచి 12 దాకా తీసుకెళ్తారు. రోజుకు 4 విడతలు, నాలుగేసి గంటల తేడాతో. మూడు కూడా పడకపోతే ఒకటి రెండుతో మొదలుపెట్టొచ్చు. దగ్గు వస్తోందని సొంతంగా మానేయడం కంటే, డాక్టర్‌తో మాట్లాడి పెంచే వేగం తగ్గించుకోవడం నయం.

ఈ మందును హఠాత్తుగా ఆపితే వదులైన నాళాలు మళ్లీ బిగుసుకుంటాయి. ఒక విడత మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే మళ్లీ మొదలుపెట్టాలి. మెషీన్ పాడైతే అని ఇంకో మెషీన్ దగ్గర ఉంచుకోమని కంపెనీయే చెబుతోంది. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి బ్యాటరీ చార్జింగ్ రోజూ చూసుకోవాలి. ఒకసారి విప్పిన మందు ఆ రోజుతో సరి, మిగిలితే పారేయాలి. అదే మెషీన్‌లో వేరే మందు కలపకూడదు. మందు కంట్లో, ఒంటి మీద పడకుండా చూసుకోవాలి.

వేరే జబ్బుకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పాలి. కొలెస్ట్రాల్‌కు వాడే జెమ్‌ఫైబ్రోజిల్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఒంట్లో ట్రెప్రోస్టినిల్ మోతాదును మార్చేయగలవని మాత్రల రూపంలో తేలింది. బీపీ మందులు, రక్తం పలచబరిచే మందుల సంగతి కూడా ముందే చెప్పాలి. మామూలు బీపీ ముందునుంచే తక్కువగా ఉండేవాళ్లు పీల్చాక కాసేపు కూర్చుని లేవడం మంచిది.

గొంతు మంట, మొహం వేడెక్కడం, తలనొప్పి అయితే తర్వాతి చెకప్‌లో చెప్పినా ఫర్వాలేదు. దగ్గులో రక్తం, స్పృహ తప్పడం, పీల్చిన వెంటనే పిల్లికూతలతో ఊపిరి ఆడకపోవడం, పెదాలు లేదా మొహం వాచిపోవడం.. ఇందులో ఏది కనిపించినా చెకప్ తేదీ కోసం ఆగకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు మెషీన్‌ను, మందును వెంట తీసుకెళ్లండి. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్ ఈ మందును ముందెప్పుడూ చూసి ఉండకపోవచ్చు.